పర్సు మరిచిపోయిన ప్రయాణం

ఏడో భాగం

పోయినవారం నన్ను నేను మునిసిపల్ ఆఫీసు మెట్ల మీద నిలబెట్టి వదిలేశాను. చేతిలో ఒక్కటే కాగితం. చెరువు మీంచి వచ్చే గాలికి ఎగిరిపోతుందేమోనని కోటు లోపల దాచుకుని ఉన్నాను.

అక్కడిదాకా ఎలా వచ్చానో రెండు ముక్కల్లో చెప్తాను. మా సాంఘికశాస్త్రం టీచరు తరగతిలో అందరికీ ఒక పని ఇచ్చింది. ఆఫీసుకు వెళ్ళి ఏదో ఒక ప్రభుత్వ కాగితం చూపించమని అడగాలి. ఏం అడిగామో, వాళ్ళు ఎలా ఇచ్చారో రాసుకుని రావాలి. మా దేశం చట్టం ప్రకారం అలా ఎవరైనా అడగవచ్చు. పేరు చెప్పక్కర్లేదు, ఎందుకో చెప్పక్కర్లేదు. ఆఫీసువాళ్ళు ఆ రెండూ అడగను కూడా అడగకూడదు. నాతో చదివేవాళ్ళు మంచు తీసే బండ్ల గురించీ, స్కూలు భోజనంలో వేసే చేపల గురించీ అడిగారు. నేను మా నాన్న మార్చి నెల సెలవు కాగితం అడిగాను.

ఏదో పట్టుకుందామని కాదు. నా పదహారేళ్ళలో అన్నిటికన్నా మంచి నాలుగు రోజులు ఆ సెలవులోనే ఉన్నాయి. అంత మంచి రోజులు ఆఫీసు కాగితం మీద ఎలా కనిపిస్తాయో చూడాలనిపించింది.

మా నాన్న టోర్కెల్ మా రీప్‌సెలే మునిసిపాలిటీకి చైర్మన్. ఆ కాగితం మీద ఆయన చేతిరాతతో ఇలా ఉంది: "2004 మార్చి 4 నుంచి 7. ఆస్ట్రియా. కూతురితో సొంత సెలవు. ఖర్చు సొంతం. ఎవరి ఆతిథ్యమూ తీసుకోలేదు." కింద సంతకం.

మెట్ల మీద నిలబడి దాన్ని మూడుసార్లు చదివాను. ఎందుకంటే ఆ నాలుగు రోజులూ మాతో రుట్‌గెర్ అల్మ్ ఉన్నాడు. మా స్కార్వ్ కొండ మీద, మంచులో జారేవాళ్ళని పైకి చేర్చే స్కీ లిఫ్టులు కడతానంటున్న కంపెనీ మనిషి. కొండను అరవై ఏళ్ళపాటు ఆ కంపెనీకి ఇవ్వాలా వద్దా అని కౌన్సిల్ ఓటు వేసేది వచ్చే సోమవారం.

*

శనివారం మధ్యాహ్నం మయ్‌లీస్ అత్త మా ఇంటికి కాఫీకి వచ్చింది. ప్రతి శనివారమూ వస్తుంది. నాకు పేరు పెట్టిన రోజు చర్చిలో నన్ను ఎత్తుకుని నిలబడింది ఆవిడే. నాకు తొమ్మిదేళ్ళప్పుడు అమ్మ వేరే ఊరు వెళ్ళిపోయి అక్కడే ఇంకో ఇల్లు కట్టుకుంది. అప్పటినుంచి నా జుట్టు ఎప్పుడు కత్తిరించాలో, నా బూట్లు ఎప్పుడు ఇరుకైపోయాయో ముందుగా కనిపెట్టేది మయ్‌లీస్ అత్తే. ఆఫీసులో కాగితాలు ఇచ్చే కౌంటరులో కూర్చునేదీ ఆవిడే.

ఆ రోజు కౌంటరు దగ్గర నన్ను కళ్ళద్దాల మీంచి చూసి, ఎన్నడూ ఎరగనట్టు, "ఏ కాగితం కావాలండీ?" అంది. నన్ను 'అండీ' అంది! నా చెవులు కాలిపోయాయి. నేను చీటీ మీద రాసి ఇచ్చాను. ఆవిడ చదివింది. తర్వాత లోపలికి వెళ్ళి కాగితం తెచ్చి, "ఇదిగోండి, కాపీ మీరే ఉంచుకోవచ్చు," అంది.

శనివారం మాత్రం మామూలు అత్తే. పొగబెట్టిన చేప రెండు ముక్కలు వార్తాపత్రికలో చుట్టి తెచ్చి బల్ల మీద పెట్టింది. నాన్న కాఫీ పోశాడు. నేను మా వైపు అలవాటు ప్రకారం కాఫీలో వేసుకునే జున్ను ముక్కలు గిన్నెలో పెట్టి కిటికీ పక్క కుర్చీలో కూర్చున్నాను. ఇంటికి ఎవరు వచ్చినా నా చోటు అదే. అక్కడ కూర్చుంటే అన్నీ వినపడతాయి, ఎవరూ ఏమీ అడగరు.

"మయ్‌లీస్," అన్నాడు నాన్న, కప్పులో చెంచా తిప్పుతూ. "నా సెలవు కాగితం ఎవరో అడిగారట."

"అడిగారు."

"ఎవరు?"

"జున్ను వేసుకో. కాఫీ చల్లారిపోతోంది."

"నేను కాఫీ గురించి అడగలేదు."

"నేను కాఫీ గురించే చెప్పాను."

నాన్న నవ్వాడు గానీ చెంచా ఆపలేదు. "అడిగినవాళ్ళను చూశావుగా?"

"నాకు చత్వారం వచ్చింది, టోర్కెల్. దూరంవాళ్ళు బాగానే కనిపిస్తారు. దగ్గరవాళ్ళే కనిపించడం లేదు."

నేను నా జున్ను ముక్కను కప్పులో ముంచి, అది మెత్తబడేదాకా దాన్నే చూస్తూ ఉన్నాను.

"పత్రికవాళ్ళేనా? ఆ సంగతన్నా చెప్పు," అన్నాడు నాన్న. "ఏప్రిల్లో వాళ్ళు అడిగితే నిండు సభలో జవాబు చెప్పాను కదా! మా అమ్మాయితో సెలవుకి వెళ్ళాను, తండ్రి కూతుర్ని బయటికి తీసుకెళ్ళడం కూడా తప్పేనా అన్నాను. చప్పట్లు కొట్టారు. నువ్వూ ఉన్నావు అక్కడ. ఇంకా ఏం తవ్వుతున్నారు?"

నాకు ఆ సంగతి తెలియదు. సభలో నా గురించి మాట్లాడారనీ, నా పేరు మీద చప్పట్లు పడ్డాయనీ నాకు ఎవరూ చెప్పలేదు. వేలెడంత లోతు నీళ్ళనుకుని దిగితే కాలికి నేల తగలనట్టు అయింది.

"ఉన్నాను," అంది మయ్‌లీస్ అత్త. "నేను కొట్టలేదు."

"ఎందుకు కొట్టలేదు?"

"సభలో మాటలన్నీ నేను రాసుకోవాలి కదా. ఒక చేతిలో పెన్ను."

"మయ్‌లీస్, ఇక్కడ మనమే ఉన్నాం. మగా, ఆడా? అంతే చెప్పు."

ఆవిడ కప్పు కింద పెట్టింది. "ఇరవై మూడేళ్ళుగా ఆ కౌంటరులో కూర్చున్నాను. నీకు ముందున్న చైర్మన్ కూడా ఒకసారి ఇలాగే అడిగాడు. నీలా కాఫీ పోసి కాదు, బల్ల గుద్ది. రోడ్డు కాంట్రాక్టరు ఆయన్ని వేటకి తీసుకెళ్ళిన కాగితాలు ఎవరో అడిగారని కోపం. చెప్పకపోతే బదిలీ చేయిస్తానన్నాడు. నేను చెప్పలేదు. అడిగినవాడికి పాతికేళ్ళుంటాయేమో. మోచేతుల దగ్గర చిరిగిన ఎర్ర స్వెటరు. భయంతో చీటీ మీద తన పేరే తప్పు రాసి, మళ్ళీ కొట్టేశాడు. పేరు అక్కర్లేదు నాయనా అని నేనే చెప్పాను."

నాన్న చెంచా ఆగింది. ఆ ఎర్ర స్వెటరు ఇప్పటికీ మా కలప షెడ్డులో మేకుకి వేలాడుతోంది. రంపం తుడవడానికి వాడతాం.

"అది వేరు," అన్నాడు నాన్న.

"ఎలా?"

"ఆయన దాచాడు."

ఆ మాట బల్ల మీద అలాగే ఉండిపోయింది. మయ్‌లీస్ అత్త దాన్ని తీయలేదు. నాన్న కూడా తీయలేదు. నేను మాట్లాడతానని అనుకోలేదు. తరగతిలో నాకు తెలిసిన ప్రశ్నకి కూడా చెయ్యెత్తను. కానీ నా గొంతు నాకే వినపడింది.

"నేనే, నాన్నా."

మయ్‌లీస్ అత్త లేచింది. కోటు వేసుకుంటూ, "ఈ మాట నా కౌంటరు దగ్గర జరగలేదు. కాబట్టి నాకు వినపడలేదు," అంది. వెళ్తూ వెళ్తూ నా తల మీద అరచెయ్యి వేసి, చిన్నప్పటిలా ఒక్కసారి నొక్కింది. "చేప ఇవాళే తినండి. రేపటికి ఉండదు."

*

తలుపు మూసుకున్నాక నాన్న నా వైపు చూశాడు. "నువ్వా? నీకెందుకు?"

"స్కూలు పని. అందరం ఏదో ఒక కాగితం అడగాలి."

ఆయన ఊపిరి వదిలాడు. మొహం అంతా వదులైంది. "స్కూలు పనా! ఓరి దేవుడా. నేను మూడు రోజులుగా నిద్ర పాడుచేసుకుంటున్నాను. నీ స్కూలు పని కోసం!" అని గట్టిగా నవ్వాడు. "మంచు బండ్ల గురించి అడగొచ్చు కదే! ఎన్ని కావాలంటే అన్ని కాగితాలు ఇద్దును."

"అందులో 'ఖర్చు సొంతం' అని ఉంది."

"ఉంటుంది. అలాగే రాస్తారు."

"నీ పర్సు ఇంట్లో ఉండిపోయింది కదా, నాన్నా."

ఆయన నవ్వు ఇంకా మొహం మీదే ఉంది. కళ్ళలోంచి మాత్రం వెళ్ళిపోయింది.

నేను పైకి వెళ్ళి నా డైరీ తెచ్చాను. ఆ డైరీ ఎవరికీ చూపించను. అమ్మ వెళ్ళిపోయిన సంవత్సరం మొదలుపెట్టాను, ఇది ఎనిమిదోది. నాన్న ఎప్పుడూ అందులో ఏముందని అడగలేదు. అడగనందుకు ఆయనంటే నాకు ఇష్టం. ఎదురుగా కూర్చుని, తలెత్తకుండా చదివాను. తలెత్తితే ఆగిపోతానని తెలుసు.

"మార్చి 4. విమానాశ్రయంలో నాన్న జేబులన్నీ తడుముకున్నాడు. పర్సు లేదు! వంటగదిలో రేడియో పక్కన పెట్టి వచ్చేశాడు. పాస్‌పోర్టులు నా సంచిలో ఉన్నాయి కాబట్టి సరిపోయింది. నాన్న మొహం తెల్లబడింది, వెనక్కి వెళ్దామన్నాడు. రుట్‌గెర్ నవ్వి నాన్న భుజం తట్టి, 'నువ్వు వచ్చేచోట పర్సుతో పనేముంది' అన్నాడు.

"మార్చి 5. ఇవాళ నాన్న నాతో ఎనిమిది గంటలు ఉన్నాడు. ఫోను మోగితే కట్టేసి జేబులో పెట్టుకున్నాడు. అన్నిటికన్నా పై కొండ నుంచి ఇద్దరం కలిసి స్కీల మీద కిందికి వచ్చాం. నాన్న రెండుసార్లు పడ్డాడు, నేను ఒక్కసారే. భోజనంలో జింక మాంసం, మూడు రకాల కేకులు. ఎవరూ బిల్లు తేలేదు. రుట్‌గెర్ ఒక చీటీ మీద సంతకం పెడతాడు, అంతే. డబ్బున్నవాళ్ళకి అన్నం సంతకంతో వస్తుందన్నమాట.

"మార్చి 6. నా చేతి తొడుగులు తడిసిపోయాయి. రుట్‌గెర్ కొత్తవి కొన్నాడు, ఎర్రవి, లోపల బొచ్చు ఉన్నవి. నాన్న వద్దన్నాడు. తర్వాత సరేనన్నాడు. సాయంత్రం రుట్‌గెర్ గోడ మీద మన స్కార్వ్ కొండ పటం తగిలించాడు. దాని మీద ఎర్ర గీతలు, అవన్నీ లిఫ్టులట. మన కొండ గోడ మీద చాలా చిన్నదిగా ఉంది. నాన్న దాన్ని చాలాసేపు చూశాడు.

"మార్చి 7. విమానంలో నాన్న నా భుజం మీద తల పెట్టి నిద్రపోయాడు. నా చెయ్యి తిమ్మిరెక్కింది. నేను కదల్లేదు. ఇంటికి వచ్చి తలుపు తీయగానే పర్సు రేడియో పక్కనే ఉంది. పెట్టినచోటే."

డైరీ మూశాను. నాన్న కిటికీ వైపు తిరిగి ఉన్నాడు. చెరువు మీద మిగిలిన మంచు నల్లబడి, ఒడ్డు పొడుగునా నీళ్ళు కనిపిస్తున్నాయి.

"నా ఓటు ఆ ప్రయాణం వల్ల మారలేదు, హిల్లూ," అన్నాడు. నన్ను అలా పిలిచేది నాన్న ఒక్కడే. "అంతకు ముందే ఔననుకున్నాను. ఆ లిఫ్టులు రాకపోతే నీ స్కూలు రెండేళ్ళలో మూసేస్తారు. నలభై ఒక్కమంది పిల్లలతో ఎన్నాళ్ళు నడుస్తుంది? కొట్టు మూసేశారు, బ్యాంకు మూసేశారు. స్కూలు కూడా పోతే ఇక్కడ ఎవరు ఉంటారు, నక్కలు తప్ప?"

అదీ నిజమే. నాకు కోపం వచ్చి ఉంటే తేలిగ్గా ఉండేది. ఆయన చెప్పేవాటిలో అబద్ధాన్ని వెతుకుతుంటే నిజాలే చేతికి తగులుతున్నాయి.

"ఓటు మారనప్పుడు దాచడం ఎందుకు?" అన్నాను.

"చెప్తే ఎవరు నమ్ముతారు? కంపెనీవాళ్ళ డబ్బుతో కేకులు తిని వచ్చి, నా మనసు మారలేదంటే? నువ్వైతే నమ్ముతావా?"

"ఏమో. నమ్మేదాన్నేమో."

"వాళ్ళు నమ్మరు."

"అది వాళ్ళిష్టం కదా, నాన్నా. వాళ్ళకు తెలిస్తే కదా నమ్మాలో వద్దో చూసుకునేది."

ఆయన బల్ల మీద చేప చుట్టిన పత్రికను విప్పి, మళ్ళీ అదే మడతల మీద జాగ్రత్తగా మడిచాడు. చైర్మన్ అయినా, వృత్తికి నాన్న కుర్చీలూ బల్లలూ చేసే వడ్రంగి. మనసు బాగాలేనప్పుడు ఆయన చేతులు ఏదో ఒకదాన్ని తిన్నగా సర్దుతూ ఉంటాయి.

"సోమవారం ఓటు అయిపోనీ," అన్నాడు. "అయిన మర్నాడే నేనే చెప్తాను. పర్సు సంగతి, గ్లవ్స్ సంగతి, అన్నీ. ఒట్టు."

"ఓటు వేసేవాళ్ళకి ముందు తెలియాలా, తర్వాతా?"

"నువ్వు మాట్లాడవు మాట్లాడవు, మాట్లాడితే మయ్‌లీస్‌లా మాట్లాడతావు," అన్నాడు. నవ్వబోయి ఆపేశాడు.

నేను అడగాల్సింది ఇంకొకటి ఉంది. మెట్ల మీద కాగితం చదివినప్పటినుంచీ అదే నా గొంతులో ఉంది. దానికి కొండతోనూ ఓటుతోనూ సంబంధం లేదు. దానికి జవాబు తెలుసుకోకుండా బతకవచ్చేమో అని కూడా ఆలోచించాను.

"నన్నెందుకు తీసుకెళ్ళావు?"

నాన్న చేతులు పత్రిక మీద ఆగిపోయాయి.

"కాగితం మీద 'కూతురితో' అని రాయడానికా?"

"హిల్లూ."

"చెప్పు, నాన్నా."

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. అప్పుడు వెంటనే 'కాదు' అనేసి ఉంటే నేను నమ్మేదాన్ని కాదు. అందుకే ఆ నిశ్శబ్దం బాధపెట్టినా, అది అబద్ధం మాత్రం కాదని తెలిసింది.

"రుట్‌గెర్ అన్నాడు," అన్నాడు చివరికి. "ఒక్కడివే వస్తే నలుగురూ అడుగుతారు, ఇంట్లోవాళ్ళని ఎవరినైనా వెంట తీసుకురా, చూడ్డానికి బాగుంటుంది అని. అన్నాడు. నేను విన్నాను." పత్రిక అంచును వేలితో నొక్కాడు. "అక్కడికి వెళ్ళాక మాత్రం నాకు అదేం గుర్తులేదు. నువ్వు కొండ దిగుతూ వెనక్కి తిరిగి నా మీద అరిచావు చూడు, 'ముసలాడా, త్వరగా రా' అని. నువ్వు అంత గట్టిగా అరవడం నేనెప్పుడూ వినలేదు. ఆ తర్వాత నాకు రుట్‌గెరూ గుర్తులేడు, కొండా గుర్తులేదు."

నేను ఏడవలేదు. ఏడుస్తాననుకుని ఎదురుచూశాను, రాలేదు. ఆ నాలుగు రోజులు అబద్ధం అయి ఉంటే పారేసుకోవచ్చు. నిజం అయి ఉంటే దాచుకోవచ్చు. అవి రెండూ అయితే ఏం చేయాలో నాకు తెలియదు.

"ఇవాళ్టికి ఇది నా దగ్గర ఉంచుకోనా?" అన్నాడు నాన్న, డైరీ మీద చెయ్యి వేసి. "ఇంకోసారి చదవాలి. ఆ పేజీలొక్కటే. మిగతావి ముట్టుకోను."

ఇన్నేళ్ళుగా ఎవరినీ ముట్టుకోనివ్వని వస్తువు. సరేనన్నాను.

ఆదివారం పొద్దున నేను లేచేసరికి డైరీ నా బల్ల మీద ఉంది. చుట్టూ నేను వేసే రబ్బరు బ్యాండు నేను వేసినట్టే వేసి ఉంది. నేను విప్పి చూడలేదు. శనివారం గురించి రాయడానికి నాకు మాటలు లేవు.

*

ఆదివారం మధ్యాహ్నం మయ్‌లీస్ అత్త వాళ్ళ పెరట్లో కట్టెలు పేరుస్తోంది. నేనూ ఒక వైపు నుంచి పేర్చడం మొదలుపెట్టాను. ఆవిడతో మాట్లాడాలంటే ఏదో ఒక పని చేస్తూ మాట్లాడాలి. అప్పుడు ఎవరూ ఎవరి మొహమూ చూడక్కర్లేదు.

"అత్తా, కౌన్సిల్లో ఎవరైనా ప్రశ్న అడగాలంటే ఏం చేయాలి?"

"మొదటి అరగంట జనానిది. లేచి నిలబడాలి. పేరు, ఊరు చెప్పాలి. ఎవరిని అడుగుతున్నారో చెప్పాలి. అడగాలి."

"పేరు చెప్పకుండా అడగకూడదా?"

"కూడదు."

"నీ కౌంటరు దగ్గర పేరు అడగకూడదు కదా. అక్కడ మాత్రం ఎందుకు చెప్పాలి?"

ఆవిడ ఒక దుంగను అటూ ఇటూ తిప్పి సరిపోయే చోటు వెతికింది. "కాగితం చూడటానికి ఎవరికీ ధైర్యం అవసరం కాకూడదు. భయస్తుడు కూడా చూడగలగాలి. కానీ ఒక మనిషిని అందరి ముందూ నిలబెట్టి అడగాలంటే, అడిగేవాళ్ళూ అందరి ముందూ నిలబడాలి. అది న్యాయం కదా?"

"నేనేం చేయాలి?"

"అది నన్ను అడక్కు. నాకు మీ ఇద్దరూ కావాలి." ఆవిడ నేను పేర్చిన వరుస వైపు చూసింది. "నీ దుంగలు వంకరగా ఉన్నాయి. వానకి పడిపోతాయి. తీసి మళ్ళీ పెట్టు."

తీసి మళ్ళీ పెట్టాను.

*

సోమవారం సాయంత్రం ఆరు గంటలకు ఊరి హాలు నిండిపోయింది. బయట ఇంకా మధ్యాహ్నంలా ఎండ ఉంది. లోపల కాఫీ, దాల్చినచెక్క బన్నుల వాసన. కౌన్సిల్ సభ్యులు ముప్ఫై ఒక్కమంది ముందు వరుసల్లో, నాన్న అందరికన్నా ముందు. పొద్దున్నుంచీ మేం నాలుగు మాటలే మాట్లాడుకున్నాం. ఇంట్లోంచి బయల్దేరుతూ ఆయన రేడియో పక్క నుంచి పర్సు తీసి కోటు జేబులో పెట్టుకున్నాడు. గుమ్మం దగ్గర మళ్ళీ తడిమి చూసుకున్నాడు. నేను చూస్తున్నానని ఆయనకు తెలుసు.

నేను వెనక నుంచి మూడో వరుసలో కూర్చున్నాను. రుట్‌గెర్ అల్మ్ నా పక్కనుంచి వెళ్తూ ఆగాడు. "హిల్లెవీ! బాగున్నావా? చలికాలం మళ్ళీ వచ్చేస్తుంది, స్కీలు తుప్పు పట్టనీకు. ఈసారి విమానం ఎక్కక్కర్లేదు, మీ ఇంటి వెనకే లిఫ్టు!" అన్నాడు. ఆయన మంచిగానే మాట్లాడతాడు. ఎప్పుడూ మంచిగానే మాట్లాడాడు. నా సంచిలో డైరీ కింద ఎర్ర గ్లవ్స్ ఉన్నాయి, తిరిగి ఇచ్చేద్దామని తెచ్చాను. సంచి తెరవలేదు. తల ఊపాను.

మా దగ్గర సభను చైర్మన్ నడపడు, నడిపేది ఎవెర్ట్ తాత. నలభై ఏళ్ళు పాల బండి నడిపినవాడు. సుత్తితో బల్ల మీద ఒక్కటి కొట్టి, "మొదటి అరగంట జనానిది. అడిగేవాళ్ళున్నారా? లేకపోతే కాఫీ ఇంకా ఉంది," అన్నాడు. కొందరు నవ్వారు. పక్క బల్ల దగ్గర మయ్‌లీస్ అత్త పెన్ను పట్టుకుని కాగితాన్నే చూస్తోంది.

ఎవరూ లేవలేదు.

"లేరా? అయితే ఓటుకి వద్దాం," అని ఎవెర్ట్ తాత సుత్తి ఎత్తాడు.

నా మోకాళ్ళు నన్ను అడక్కుండా లేచాయి. కుర్చీ కిర్రుమంది. హాల్లో తలలన్నీ తిరిగాయి. పేజీ చూసి చదివేస్తే చాలు, నేను మాట్లాడక్కర్లేదు, డైరీయే మాట్లాడుతుంది. అలా అనుకునే వచ్చాను. రబ్బరు బ్యాండు తీసి మార్చి దగ్గర తెరిచాను.

మార్చి 3 ఉంది. దాని పక్కన మార్చి 8.

మధ్యలో కుట్టు దగ్గర రెండు సన్నటి అంచులు. చింపినవి కావు, కోసినవి. స్కేలు పెట్టి గీసినంత తిన్నగా.

తలెత్తాను. ముందు వరుసలో నాన్న కూడా లేచి నిలబడి ఉన్నాడు. ఆయన చేతిలో నాలుగు మడతలు పెట్టిన కాగితాలు. ఇంత దూరం నుంచి కూడా వాటి మీద నీలం గీతలు కనిపిస్తున్నాయి.

"ఎవెర్ట్, ముందు నేను మాట్లాడాలి," అన్నాడు.

"కూర్చో, టోర్కెల్. ఇది జనం సమయం. నీ సమయం తర్వాత."

"రెండు నిమిషాలు."

"నువ్వు చైర్మన్‌వి అయినంత మాత్రాన నిమిషాలు పెరగవు. కూర్చో."

నాన్న కూర్చోలేదు. నా వైపు తిరిగాడు. ఆయన పెదవులు కదిలాయి. ఆగమన్నాడో, అడగమన్నాడో, నా పేరే అన్నాడో నాకు అర్థం కాలేదు. నా వెనక ఎక్కడో రుట్‌గెర్ కుర్చీ కదిలిన చప్పుడైంది.

ఎవెర్ట్ తాత కళ్ళద్దాలు సర్దుకుని నన్ను చూశాడు. "నువ్వెవరో నాకు తెలుసమ్మా. నువ్వు పుట్టిన పొద్దున మీ ఇంటికి పాలు తెచ్చింది నేనే. అయినా అడగాలి. పేరు?"

డైరీ మూసేశాను. తలుపు తీయగానే రేడియో పక్కన కనిపించిన పర్సును గుర్తుచేసుకోవడానికి నాకు కాగితం అక్కర్లేదు.

"హిల్లెవీ నార్డ్‌మార్క్," అన్నాను. చివరి వరుసకు వినపడలేదేమో, ఎవరో "గట్టిగా!" అన్నారు. కొండ దిగుతూ వెనక్కి తిరిగి అరిచిన గొంతు కోసం నాలో వెతుక్కున్నాను. దొరికింది. "హిల్లెవీ నార్డ్‌మార్క్! రీప్‌సెలే."

"ఎవరిని అడుగుతున్నావు?"

"మునిసిపాలిటీ చైర్మన్‌ని."

మయ్‌లీస్ అత్త పెన్ను కాగితం మీద కదలడం మొదలుపెట్టింది. ఎవెర్ట్ తాత సుత్తిని పక్కన పెట్టేశాడు. "అయితే అడుగు," అన్నాడు.

ఆ రెండు కాగితాల మీద ఏముందో తెలిసినవాళ్ళం హాలు మొత్తంలో ఇద్దరమే. ఇద్దరమూ నిలబడే ఉన్నాం.